బౌండరీ వాటర్స్ సరస్సుల్లో మోటారు పడవల నియమాలు

బౌండరీ వాటర్స్ కెనూ ఏరియా వైల్డర్‌నెస్ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిన్నెసోటా రాష్ట్రానికి ఈశాన్య కొసన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న రక్షిత వన్యప్రాంతం. సుపీరియర్ జాతీయ అటవీప్రాంతంలో భాగమైన దీని విస్తీర్ణం సుమారు 11 లక్షల ఎకరాలు. ఇందులో వెయ్యికి పైగా సరస్సులున్నాయి. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ దీని పాలన చూస్తుంది. తెడ్డు పడవలకు పేరుపడిన ఈ ప్రాంతంలోని ఎక్కువ సరస్సుల్లో మోటారు నిషిద్ధం. చట్టం పేరుపేరునా చెప్పిన కొద్ది సరస్సుల్లో మాత్రం చిన్న మోటార్లను అనుమతిస్తారు. ఆ అనుమతికి మూడు హద్దులున్నాయి: ఏ సరస్సు, ఎంత అశ్వశక్తి, ఎన్ని పడవలు. ఈ మూడు హద్దులు, వాటి పుట్టుక, అమలు, వాటి మీద నడిచిన వివాదాలు ఈ వ్యాసంలోని అంశాలు.

నిర్వచనాలు

వన్యప్రాంతం: 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం, మనిషి సందర్శకుడిగా వచ్చిపోయేదే తప్ప స్థిరపడి మార్చివేయని సహజ భూభాగం. ఈ హోదా ఇచ్చే అధికారం అమెరికా కాంగ్రెసుకే ఉంది.

కెనూ: రెండు కొసలూ సన్నగా ఉండి, ఒకరో ఇద్దరో భుజాన మోసుకుపోగలిగిన తేలికపాటి తెడ్డు పడవ.

పోర్టేజీ: రెండు సరస్సుల మధ్య పడవనూ సామానునూ మోసుకెళ్ళే నేల దారి. ఆ దారికీ, మోసే పనికీ ఇదే పేరు.

ఔట్‌బోర్డ్ మోటారు: పడవ వెనుక పలకకు బయటివైపు బిగించే యంత్రం. ఇంజను, ఇరుసు, ప్రొపెల్లర్ ఒకే కట్టుగా ఉంటాయి. అవసరం తీరాక విప్పి తీసేయవచ్చు. పెట్రోలుతో నడిచేవీ, బ్యాటరీతో నడిచేవీ ఉన్నాయి. బౌండరీ వాటర్స్ నియమాల దృష్టిలో రెండూ మోటార్లే. నిశ్శబ్దంగా నడుస్తుందన్న కారణంతో బ్యాటరీ మోటారుకు మినహాయింపు లేదు.

అశ్వశక్తి: ఇంజను సామర్థ్యపు కొలత. ఒక అశ్వశక్తి సుమారు 746 వాట్లు. ఆ లెక్కన 10 అశ్వశక్తి అంటే సుమారు 7.5 కిలోవాట్లు, 25 అశ్వశక్తి అంటే సుమారు 18.6 కిలోవాట్లు.

ప్రాంత పరిచయం

మంచుయుగపు హిమానీనదాలు పాతరాతిని దొలిచి వదిలిన గుంటల్లో ఈ సరస్సులు ఏర్పడ్డాయి. వాగులు, చిన్న జలపాతాలు, పోర్టేజీలు వాటిని ఒకదానితో ఒకటి కలుపుతాయి. ఇది అనిషినాబె (ఒజిబ్వె) ప్రజల మాతృభూమి. బొచ్చు తోళ్ళ వర్తకం సాగిన రోజుల్లో ఫ్రెంచి కెనడియన్ పడవవాళ్ళు ఇవే దారుల్లో తిరిగారు. 1842 నాటి వెబ్‌స్టర్–ఆష్‌బర్టన్ ఒప్పందం సరిహద్దు వెంబడి జలమార్గాలను, వాడుకలో ఉన్న పోర్టేజీలను ఇరుదేశాల పౌరులకూ తెరిచి ఉంచింది. 1854 నాటి లా పాయింట్ ఒప్పందంతో ఈ నేల అమెరికా ప్రభుత్వం చేతికి వెళ్ళింది. వేట, చేపల వేట హక్కులు ఒజిబ్వెలకు నిలిచాయి.

ప్రాంతానికి పడమటి వైపు ముఖ్య పట్టణం ఈలీ. తూర్పున గన్‌ఫ్లింట్ ట్రయిల్ అనే రోడ్డు సాగనాగా సరస్సు దాకా వెళుతుంది. సరిహద్దుకు అవతల కెనడాలోని ఆంటారియో రాష్ట్రానికి చెందిన క్వెటికో ప్రొవిన్షియల్ పార్క్ ఉంది.

చరిత్ర

*తొలి రక్షణలు (1909–1949)*

1909లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ సుపీరియర్ జాతీయ అటవీప్రాంతాన్ని ఏర్పాటు చేశాడు. 1926లో వ్యవసాయ మంత్రి విలియం జార్డిన్ అందులో కొంత భాగాన్ని రోడ్లు వేయని ప్రాంతంగా కేటాయించాడు. 1930 నాటి షిప్‌స్టెడ్–న్యూటన్–నోలన్ చట్టం సరస్సుల ఒడ్డున చెట్లు కొట్టడాన్ని, ఆనకట్టలతో నీటిమట్టం మార్చడాన్ని కట్టడి చేసింది. 1948 నాటి థై–బ్లాట్నిక్ చట్టంతో ప్రాంతం లోపలి రిసార్టులను, ప్రైవేటు భూములను ప్రభుత్వం కొనడానికి వీలు కలిగింది.

యంత్రాల మీద తొలి గట్టి ఆంక్ష నీటి మీద కాక గాలిలో మొదలైంది. నీటిపై వాలే విమానాల్లో చేపల వేటగాళ్ళు మారుమూల సరస్సులకు చేరుతుండేవారు. 1949 డిసెంబరులో అధ్యక్షుడు హారీ ట్రూమన్ సముద్రమట్టానికి 4,000 అడుగుల ఎత్తులోపు విమానాలు ఈ ప్రాంతం మీద ఎగరకుండా ఉత్తర్వు ఇచ్చాడు.

*1964 చట్టం, అందులోని మినహాయింపు*

1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం వన్యప్రాంతాల్లో మోటారు వాహనాలను, మోటారు పడవలను, యంత్ర పరికరాలను నిషేధించింది. బౌండరీ వాటర్స్‌కు మాత్రం ప్రత్యేక నిబంధన చేర్చి, అప్పటికే స్థిరపడిన మోటారు పడవల వాడకం కొనసాగవచ్చని చెప్పింది. ఒకే ప్రాంతానికి వన్యప్రాంత హోదా, మోటార్ల అనుమతి రెండూ దక్కాయి. 1965లో వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్ మోటార్లు తిరగదగిన మార్గాలను ఉత్తర్వుల ద్వారా నిర్ణయించాడు. వివాదం అంతటితో చల్లారలేదు.

*1978 చట్టం*

1970ల నడుమ కాంగ్రెసులో రెండు వాదాలు ఢీకొన్నాయి. మిన్నెసోటా ప్రతినిధి డొనాల్డ్ ఫ్రేజర్ పూర్తి వన్యప్రాంత రక్షణ కోరుతూ బిల్లు పెట్టగా, ఈ ప్రాంతానికి ప్రతినిధి అయిన జేమ్స్ ఓబర్‌స్టార్ మోటారు వాడకానికి చోటిచ్చే బిల్లు తెచ్చాడు. 1977లో ఈలీలో విచారణ జరిగిన రోజున, రక్షణను సమర్థించిన ప్రకృతి రచయిత సిగర్డ్ ఓల్సన్ దిష్టిబొమ్మను నిరసనకారులు వేలాడదీశారు. ఓల్సన్ ఆ ఊరివాడే.

చివరకు ఇరుపక్షాల న్యాయవాదులు చార్లెస్ డేటన్, రాన్ వాల్స్ కూర్చుని రాజీ కుదిర్చారు. 1978 అక్టోబరు 21న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో బౌండరీ వాటర్స్ కెనూ ఏరియా వైల్డర్‌నెస్ చట్టం అమలులోకి వచ్చింది. 1964 నాటి ప్రత్యేక మినహాయింపు రద్దయింది. దాని స్థానంలో సరస్సుల జాబితా, అశ్వశక్తి పరిమితులు వచ్చాయి. కొన్ని సరస్సులకు గడువు తేదీలూ పెట్టారు. క్రూకెడ్, నైఫ్ సరస్సుల్లో 1984తో మోటార్లు ఆగాలి. బ్రూల్ సరస్సులో 1994 దాకా గడువిచ్చారు. సీగల్ సరస్సులో త్రీమైల్ దీవికి పడమటి భాగంలో 1999తో ముగియాలి. ఆ గడువులన్నీ తీరాక, నీటి విస్తీర్ణంలో నాలుగో వంతుకు అటూఇటూగా మాత్రమే మోటార్లకు మిగిలింది.

*1998 సవరణ*

1990ల నడుమ మోటారు వాడకాన్ని పెంచాలని కోరుతూ బిల్లులు వచ్చాయి. సెనేటర్ పాల్ వెల్‌స్టోన్ చొరవతో మధ్యవర్తిత్వం జరిగినా ఏకాభిప్రాయం కుదరలేదు. 1998లో రవాణా చట్టంలో ఒక సవరణగా రాజీ చేరింది. దాని ప్రకారం ప్రైరీ పోర్టేజీ, ట్రౌట్ లేక్ పోర్టేజీల మీద పడవలను మళ్ళీ ట్రక్కులతో చేరవేయవచ్చు. అందుకు బదులుగా ఆల్డర్, కెనూ అనే రెండు సరస్సుల్లో మోటార్లు ఆగిపోయాయి.

సరస్సుల వర్గీకరణ

*25 అశ్వశక్తి వరకు*

ఫాల్, న్యూటన్, మూస్, న్యూఫౌండ్, సకర్, స్నోబ్యాంక్, సౌత్ ఫార్మ్, ఈస్ట్ బేర్‌స్కిన్, ట్రౌట్ సరస్సులు పూర్తిగా ఈ వర్గంలోకి వస్తాయి. బాస్‌వుడ్, సాగనాగా సరస్సులు కొంతమేరకే వస్తాయి. బాస్‌వుడ్‌లో జాక్‌ఫిష్ బే ఉత్తర కొసన ఉన్న ఇరుకుకూ, వాషింగ్టన్ దీవి దగ్గరి సరిహద్దు బిందువుకూ ఉత్తరాన మోటారు పనికిరాదు. సాగనాగాలో అమెరికన్ పాయింట్‌కు పడమట పనికిరాదు.

*10 అశ్వశక్తి వరకు*

క్లియర్‌వాటర్, నార్త్ ఫౌల్, సౌత్ ఫౌల్ సరస్సులు, సీగల్ సరస్సులో త్రీమైల్ దీవికి తూర్పు భాగం, ఐలండ్ నదిలో వన్యప్రాంతం లోపలి భాగాలు.

*అశ్వశక్తి పరిమితి లేనివి*

లిటిల్ వెర్మిలియన్ సరస్సు, లూన్ నది, లూన్ సరస్సు, లాక్ లా క్రోయ్‌లో అమెరికా వైపు స్నో బే దక్షిణ కొస దాకా. ఇది వాయవ్య అంచున సరిహద్దు వెంబడి సాగే జలమార్గం.

*తెడ్డు సరస్సులు*

పై జాబితాల్లో లేని సరస్సులన్నీ ఈ వర్గంలోనివే. ఇక్కడ మోటారు నడపడమే కాదు, పడవలో ఉంచుకోవడమూ నేరం. ఇంజను ఆపి, విప్పి, పడవ అడుగున పడుకోబెట్టినా నియమాన్ని మీరినట్టే.

నియమాల అమలు తీరు

*సామర్థ్య పరిమితి*

25 అశ్వశక్తి సరస్సుల్లో ప్రధాన మోటారుకు తోడు 6 అశ్వశక్తికి మించని రెండో మోటారును పడవలో ఉంచుకోవచ్చు. అయితే నడుస్తున్న మోటార్ల సామర్థ్యం 25కు మించకూడదు. చేపల వేటలో గాలాన్ని నెమ్మదిగా లాగుతూ వెళ్ళడానికి చిన్న మోటారు వాడేవారికి ఈ నియమం ఉపయోగపడుతుంది.

*పర్మిట్లు, కోటాలు*

మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కోటా కాలం. ఆ రోజుల్లో రాత్రి బసతో కూడిన తెడ్డు యాత్రకు, రాత్రి బసతో కూడిన మోటారు యాత్రకు, పగటి మోటారు యాత్రకు వేర్వేరు కోటా పర్మిట్లు ఉంటాయి. ప్రతి ప్రవేశ ద్వారానికీ సంఖ్య విడిగా నిర్ణయిస్తారు. తెడ్డుతో పగటిపూట వెళ్ళివచ్చేవారికి కోటా లేదు. వాళ్ళు ప్రవేశం దగ్గర ఉన్న పత్రాన్ని స్వయంగా నింపుకుంటే చాలు. ఏ బృందంలోనూ 9 మందికి, 4 పడవలకు మించి ఉండకూడదు.

మోటారు కోటాల లెక్కకు 1978 చట్టమే ఆధారం చూపింది. 1976, 1977, 1978 సంవత్సరాల్లో ఆ సరస్సులో వాస్తవంగా జరిగిన వాడకపు సగటును కోటా దాటకూడదు. సరస్సు ఒడ్డున ఇళ్ళు, రిసార్టులు ఉన్నవారికీ వారి అతిథులకూ ఆ సరస్సు వరకు కోటా వర్తించదు.

*పోర్టేజీల మీద చక్రాలు, ట్రక్కులు*

పడవను చక్రాల బండి మీద నెట్టుకుపోవడం కూడా సాధారణంగా నిషిద్ధమే. కొన్ని పోర్టేజీలకే సడలింపు ఉంది. ఈలీ దగ్గరి ఫాల్ సరస్సు నుంచి వెళ్ళే దారిని చూస్తే ఈ నియమాల కూర్పు తెలుస్తుంది. అల్యూమినియం పడవకు 25 అశ్వశక్తి మోటారు బిగించుకుని వచ్చిన వేటగాడు ఫాల్ సరస్సు చివర ఒడ్డు చేరి, పడవను చక్రాల మీదికి ఎక్కించి, జలపాతం పక్కగా న్యూటన్ సరస్సుకు దింపవచ్చు. అక్కడి నుంచి ఇంకో పోర్టేజీ దాటితే బాస్‌వుడ్ సరస్సులోని పైప్‌స్టోన్ బే వస్తుంది. ఆ దారిలో చక్రాలకు అనుమతి ఉంది. బే దాటి ఉత్తరంగా జాక్‌ఫిష్ బే చివరి ఇరుకు దాకా మోటారు మీద పోవచ్చు. ఆ ఇరుకు దాటి వెళ్ళాలంటే మోటారు పడవలో ఉండకూడదు. ఒకే సరస్సు, ఒకే నీరు, నడుమ కంటికి కనిపించని గీత. ఆ గీత ఎక్కడుందో పటం చూసి తెలుసుకోవలసిన బాధ్యత పడవ నడిపేవారిదే.

*కెనూలను చేరవేసే పడవలు*

ఈలీ చుట్టుపక్కల యాత్రా సామగ్రి అద్దెకిచ్చే వ్యాపారులు మోటారు పడవల మీద కెనూలను చేరవేస్తారు. పడవ మీద ఇనుప చట్రం ఉంటుంది, దాని మీద కెనూలను బోర్లించి కడతారు. యాత్రికులు, సంచులు కింద. మూస్ సరస్సులో బయలుదేరి న్యూఫౌండ్, సకర్ సరస్సుల మీదుగా ప్రైరీ పోర్టేజీ దగ్గర దింపుతారు. తెడ్డుతో సగం పూట పట్టే దూరం ఇలా త్వరగా గడిచిపోతుంది. ఒక పడవ మరో పడవను తాడుతో లాగడం కొన్ని సరస్సుల్లోనే చెల్లుతుంది. ఈ వ్యాపార ప్రయాణాల సంఖ్య ఎంత ఉండాలన్నది వన్యప్రాంత సంస్థలకు, అటవీ అధికారులకు మధ్య నేటికీ వివాదాంశమే.

*మినహాయింపులు, శిక్షలు*

ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడేందుకు, మంటలు ఆర్పేందుకు, పాలనకు తప్పనిసరైన కనీస పనులకు అధికారులు యంత్రాలు వాడవచ్చు. నియమాలు ఉల్లంఘించిన వ్యక్తికి 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

న్యాయస్థానాల తీర్పులు

*రాష్ట్రపు నీరు, కేంద్రపు చట్టం.* సరస్సుల అడుగు నేల, నీరు చాలావరకు మిన్నెసోటా రాష్ట్రానివి కనుక అక్కడ మోటార్లను నియంత్రించే అధికారం కాంగ్రెసుకు లేదని రాష్ట్రం వాదించింది. 1981లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రాజ్యాంగంలోని ఆస్తి నిబంధన ప్రకారం, కేంద్ర భూములను ఏ ప్రయోజనానికి కేటాయించారో దాన్ని కాపాడేందుకు వాటిని ఆనుకున్న జలాల మీద కూడా కాంగ్రెసు ఆంక్షలు పెట్టవచ్చని తేల్చింది. ఇతర రక్షిత ప్రాంతాల నియమాలకూ ఈ తీర్పు అండగా నిలిచింది.

*ట్రక్కు పోర్టేజీలు.* ట్రక్కులు లేకుండా పడవలను దాటించడం సాధ్యమైతే ట్రక్కులు ఆపాలని 1978 చట్టం చెప్పింది. సాధ్యం అనే మాటకు అర్థమేమిటన్న దావాలో 1992లో అదే అప్పీలు కోర్టు ట్రక్కులకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. పైన చెప్పిన 1998 సవరణతో, అంతకుముందు ట్రక్కులు నడిచిన మూడు పోర్టేజీల్లో రెండు వాటికి మళ్ళీ తెరుచుకున్నాయి. ఫాల్ సరస్సు, బాస్‌వుడ్ సరస్సుల మధ్య ఉన్న ఫోర్ మైల్ పోర్టేజీకి ట్రక్కులు తిరిగి రాలేదు.

*ఇంటివారి మినహాయింపు.* ఒడ్డున ఇల్లున్నవారి మినహాయింపు వారి సరస్సుకేనా, దానితో కలిసిన గొలుసు సరస్సులన్నిటికీనా అన్న ప్రశ్న మీద 1999లో తీర్పు వచ్చింది. ఇల్లు ఏ సరస్సు ఒడ్డున ఉందో ఆ ఒక్క సరస్సుకే మినహాయింపు అని కోర్టు నిర్ణయించింది.

నియంత్రణకు శాస్త్రీయ ఆధారాలు

*ఇంధనం.* పాత తరహా టూ-స్ట్రోక్ ఇంజన్లలో కొత్త ఇంధనం లోనికి వచ్చే ద్వారం, కాలిన పొగ బయటికి పోయే ద్వారం ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. దానివల్ల ఇంధనంలో పావు వంతు వరకు కాలకుండానే నీటిలోకి పోతుంది. ఫోర్-స్ట్రోక్ ఇంజన్లలోను, ఇంధనాన్ని నేరుగా చిమ్మే కొత్త టూ-స్ట్రోక్ ఇంజన్లలోను ఈ నష్టం చాలా తక్కువ. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1996లో ఔట్‌బోర్డ్ మోటార్లకు కాలుష్య ప్రమాణాలు ప్రకటించాక పాత ఇంజన్ల తయారీ తగ్గిపోయింది.

*అలలు.* మిన్నెసోటా రాష్ట్ర పక్షి అయిన లూన్ కాళ్ళు శరీరానికి బాగా వెనగ్గా ఉంటాయి. నేల మీద సరిగా నడవలేదు గనుక నీటి అంచునే గూడు కడుతుంది. వేగంగా పోయే పడవ లేపే అల ఆ గూటిని ముంచేయగలదు. ఒజిబ్వెలు పవిత్రంగా భావించే మనూమిన్ అనే అడవి వరికి కూడా అలల బెడద ఉంది. వేసవి మొదట్లో దాని ఆకులు నీటి మీద తేలే దశలో వేరు పట్టు బలహీనం. ఆ దశలో అలలు తాకితే మొక్క ఊడివస్తుంది.

*వలస జీవులు.* ముళ్ళ నీటిఈగ అనదగిన స్పైనీ వాటర్‌ఫ్లీ చేపల గాలాల దారాలు, లంగరు తాళ్ళు, పడవ అడుగున నిలిచిన నీటి ద్వారా సరస్సు నుంచి సరస్సుకు చేరుతుంది. చిన్న చేపలు తినే సూక్ష్మజీవులను తినేసి ఆహారపు గొలుసును దెబ్బతీస్తుంది. సాగనాగాలో ఇది ఇప్పటికే ఉంది. పడవను రోడ్డెక్కించే ముందు నీరంతా వంపి, అడుగు బిరడా తీసి ఉంచాలని మిన్నెసోటా చట్టం నిర్దేశిస్తుంది. కెనూ యాత్రికులూ సామగ్రిని శుభ్రం చేసుకోవలసిందే.

*శబ్దం.* గాలి ఆడని వేళ నీటి మీద శబ్దం దూరం పోతుంది. ఏకాంతానికి అవకాశం ఉండటం వన్యప్రాంతపు లక్షణాల్లో ఒకటని 1964 చట్టమే చెప్పింది గనుక శబ్ద నియంత్రణ చట్టబద్ధమైన లక్ష్యంగా నిలిచింది.

వాదనలు

మోటార్లను సమర్థించేవారి వాదన ప్రధానంగా మూడు అంశాల మీద నిలుస్తుంది. తెడ్డు వేయలేని వృద్ధులు, వికలాంగులు సరస్సులను చూడగలగాలి. తరతరాలుగా చేపల వేట మీద, రిసార్టుల మీద బతికిన స్థానికుల జీవనాధారం దెబ్బతినకూడదు. విశాలమైన సరస్సుల్లో గాలివాన వచ్చినప్పుడు మోటారు ప్రాణరక్షణ సాధనం.

వ్యతిరేకించేవారు మిన్నెసోటాలో మోటారు పడవలకు తెరిచి ఉన్న సరస్సులు వేలల్లో ఉన్నాయని, తెడ్డుకే పరిమితమైన ఇంత విశాల జలప్రాంతం అరుదని చెబుతారు. యాత్రికుల రాకతో స్థానిక వ్యాపారాలకు ఆదాయం వస్తోందని గుర్తుచేస్తారు. ఒక్క మోటారు శబ్దం ఆ పరిసరాల్లోని వారందరి ఏకాంతాన్నీ చెరుపుతుందని అంటారు.

ఇతర ప్రాంతాలతో పోలిక

*క్వెటికో (కెనడా).* మోటారు పడవలు నిషిద్ధం. లాక్ లా క్రోయ్ ఫస్ట్ నేషన్‌కు చెందిన గైడ్లు కొన్ని సరస్సుల్లో 10 అశ్వశక్తికి మించని మోటార్లు వాడుకోవచ్చు. ఆదివాసుల జీవనోపాధి ఈ మినహాయింపుకు ఆధారం.

*సిల్వేనియా (మిషిగన్).* 1987లో వన్యప్రాంతమైంది. ఇక్కడి క్రూకెడ్ సరస్సులో ఫారెస్ట్ సర్వీస్ పెట్రోలు మోటార్లను నిషేధించి, పరిమిత శక్తిగల బ్యాటరీ మోటార్లను అనుమతించింది. పరిమితి 24 వోల్టులు లేదా 48 పౌండ్ల తోపుడు బలం. ఒడ్డున భూమి ఉన్నవారు తమ జలహక్కుల పేరిట దావా వేయగా, 2017లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు వారికి అనుకూలంగా తీర్పిచ్చింది. వన్యప్రాంత హోదా ఇచ్చిన చట్టమే అప్పటికే ఉన్న హక్కులను కాపాడిందన్నది తీర్పు సారం.

*అలగాష్ (మెయిన్).* 1966లో రాష్ట్రం రక్షించిన ఈ నదీ మార్గంలో చాలా భాగాన కెనూకు 10 అశ్వశక్తి దాకా మోటారు బిగించుకోవచ్చు. అలగాష్ సరస్సులో మోటార్లకు తావు లేదు.

ప్రాముఖ్యం

వన్యప్రాంతంలో మోటారుకు పూర్తి అనుమతి, పూర్తి నిషేధం అనే రెండు కొసల మధ్య బౌండరీ వాటర్స్ చట్టం మూడో పద్ధతిని చూపింది. సరస్సును పేరుపెట్టి చెప్పడం, సామర్థ్యాన్ని కొలిచి చెప్పడం, సంఖ్యను గత వాడకానికి ముడిపెట్టడం ఈ పద్ధతిలోని మూడు మెట్లు. ఈ వివరాలను చట్టంలోనే రాయడం వల్ల అధికారుల విచక్షణకు చోటు తగ్గింది. మరోవైపు, చిన్న మార్పుకైనా కాంగ్రెసు దాకా వెళ్ళవలసి వస్తోంది. ఆల్డర్, కెనూ సరస్సుల పేర్లు జాబితా నుంచి పోవడానికీ, రెండు పోర్టేజీల మీదికి ట్రక్కులు తిరిగి రావడానికీ 20 ఏళ్ళ తర్వాత మరో చట్టం అవసరమైంది.

సంబంధిత అంశాలు

వైల్డర్‌నెస్ చట్టం, 1964, సుపీరియర్ జాతీయ అటవీప్రాంతం, క్వెటికో ప్రొవిన్షియల్ పార్క్, వెబ్‌స్టర్–ఆష్‌బర్టన్ ఒప్పందం, లా పాయింట్ ఒప్పందం, ఔట్‌బోర్డ్ మోటారు, పోర్టేజీ, సిగర్డ్ ఓల్సన్, అడవి వరి.